ఆదివారం పళ్ళ డాక్టరు

మార్చి 1, ఆదివారం

సినిమాకు వెళ్ళి వచ్చాము. అబ్బాయి, కోడలు, పిల్ల, నేను. టిక్కెట్లు నలుగురికి తొమ్మిది వందల అరవై. ఫోనులో కొన్నందుకు సౌకర్య రుసుము అని మనిషికి ముప్పై రెండు అదనం. ఎవరి సౌకర్యం అని అడిగాను. "లైన్లో నిలబడక్కర్లేదు కదమ్మా" అన్నాడు అబ్బాయి. వెళ్ళి చూస్తే అక్కడ లైనే లేదు. లేని లైనులో నిలబడనందుకు నూట ఇరవై ఎనిమిది చెల్లించాము.

కారు ఆపినందుకు అరవై. గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నా సంచి వెతికి, వేయించిన పల్లీల పొట్లం, ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టేసింది. జప్తు చేసిన వస్తువులకు రసీదు ఇమ్మన్నాను. "రసీదులుండవు మామ్మగారూ, వెళ్ళేటప్పుడు అడిగి తీసుకోండి" అంది. వెళ్ళేటప్పుడు సీసా ఉంది, పల్లీలు లేవు. వాటి విలువ పాతిక. లోపల నీళ్ళు రెండు సీసాలకు నూట నలభై. పాప్‌కార్న్ పెద్ద డబ్బా ఒకటి మూడు వందల తొంభై. ఆ డబ్బుకు బయట మొక్కజొన్న మోయలేనంత వస్తుంది. పేలినంత మాత్రాన అంత గర్వమా!

మొత్తం పదిహేడు వందల మూడు.

ఇంత ఖర్చుకు వచ్చిన ఫలితం ఏమిటో కూడా చూడాలి గదా. హాస్య చిత్రం కనుక నవ్వులు లెక్కించాను. చీకట్లో కాగితం మీద పెన్సిలుతో గీతలు గీశాను. గీత గీసినప్పుడల్లా సంఖ్య పైకి చదవడం నాకు ఆడిట్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళ అలవాటు. అలా చదివితే పొరపాటు రాదు. పిల్ల పదకొండు. అబ్బాయి నాలుగు. కోడలు రెండు, అందులో ఒకటి ఫోను చూసి నవ్వింది గనుక కొట్టివేశాను. ఒక్కో నవ్వు నూట ఆరు చిల్లర పడింది. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు. ఆ నాలుగూ టిక్కెట్టు, రుసుము, పార్కింగు, పాప్‌కార్న్.

ఇంటికి వచ్చాక భోజనాల దగ్గర ఇదంతా చదివి వినిపించాను. కోడలు చెంచా కింద పెట్టింది.

"అమ్మా, అన్నం తింటున్నాం" అన్నాడు అబ్బాయి.

"తిను. నేను చదువుతుంటే నీ నోటికి అడ్డమా?"

"సరేనమ్మా. ఇక సినిమాలు బంద్. సరేనా?" అన్నాడు.

అభ్యంతరం మొదటి చదువులోనే ఆమోదం పొందింది. నా ఉద్యోగంలో ఏ శాఖా ఇంత తొందరగా లొంగలేదు.

మార్చి 2, సోమవారం

ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. పొదుపు గురించి ఆలోచనలో పడ్డారని తెలుస్తోంది.

మార్చి 8, ఆదివారం

పిల్లకు పంటి నొప్పి. మధ్యాహ్నం ఒక్కసారిగా పట్టుకుంది. కుడి దవడ. కోడలికి మందుల షాపు ఉన్నా, ఇలాంటివి మాత్రతో పోవట. ముగ్గురూ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఒక పన్నుకు ముగ్గురెందుకని అడిగితే, "పనిలో పనిగా మేమూ చూపించుకుంటాం అత్తయ్యా" అంది కోడలు. మంచి ఆలోచనే. ఒక్క ప్రయాణంతో మూడు పనులు. నన్ను రమ్మనలేదు. నాకు అవసరమూ లేదు, నా పళ్ళు పై వరసా కింది వరసా ఆరేళ్ళుగా గిన్నెలో నీళ్ళలోనే నిద్రపోతున్నాయి.

చీకటి పడ్డాక వచ్చారు. నాలుగు గంటలు పట్టింది. పాపం, రద్దీ ఎక్కువట. కోడలి దుస్తుల నుంచి వెన్న కాచిన వాసన వచ్చింది. కొత్త రకం మందు కాబోలు.

మార్చి 9, సోమవారం

పిల్లను నోరు తెరవమని చూశాను. పళ్ళన్నీ బియ్యపు గింజల్లా ఉన్నాయి. ఎక్కడా మచ్చ లేదు. డాక్టరు హస్తవాసి గొప్పది.

"ఆస్పత్రి ఎలా ఉందే?" అన్నాను.

"చాలా కుర్చీలుంటాయి నానమ్మా. అందరం ఒకే వైపు చూస్తూ కూర్చుంటాం."

"అంతమంది పళ్ళూ ఒక్కసారే చూస్తాడా?"

"ముందు లైట్లు తీసేస్తారు" అని, ఇంకేదో అనబోయి నాలుక కరుచుకుంది. పన్ను నొప్పి ఉన్నప్పుడు నాలుక అడ్డం పడుతూ ఉంటుంది.

బిల్లు అడిగితే ఇన్సూరెన్సు వాళ్ళు కట్టారన్నాడు అబ్బాయి.

మార్చి 15, ఆదివారం

ఈసారి కోడలికి జ్ఞానదంతం. మళ్ళీ ముగ్గురూ వెళ్ళారు. స్వెట్టర్లు పట్టుకెళ్ళారు. డాక్టరు దగ్గర ఏసీ మరీ ఎక్కువట.

"మీకు అన్నం, కూర మూత పెట్టి ఉంచాను అత్తయ్యా. ఆలస్యమైతే మా కోసం చూడకండి."

"జ్ఞానదంతం పీకిస్తే జ్ఞానం పోదు గదా?" అని పరిహాసమాడాను. కోడలు నవ్వలేదు. నొప్పితో ఉన్న మనిషి, తప్పు పట్టను.

వచ్చేటప్పుడు మెట్ల మీద ముగ్గురి నవ్వులూ వినిపించాయి. ఏదో ఒక మాట పిల్ల మళ్ళీ మళ్ళీ అంటోంది, మళ్ళీ మళ్ళీ నవ్వుతున్నారు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది. తలుపు తీస్తే ముగ్గురూ దవడలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నొప్పి కోడలిది. అబ్బాయికీ పిల్లకూ సానుభూతి. పిల్ల పట్టుకున్నది ఎడమ దవడ.

మార్చి 16, సోమవారం

ఉతకడానికి వేసిన పిల్ల స్వెట్టర్ జేబులో నల్లటి అట్ట కళ్ళజోడు దొరికింది. పిల్లను అడిగాను. పళ్ళ డాక్టరు దీపం వెలుతురు కళ్ళలో పడకుండా ఇస్తారట.

నమ్మాను.

మార్చి 17, మంగళవారం

సంచి పిడి తెగితే కుట్టించడానికి ఎదురింటి దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మాటల్లో మా ఇంటి పళ్ళ సంగతి వచ్చింది.

"ఆదివారమా? ఆదివారం ఆయన ఉండడే పెద్దమ్మా! నా పన్ను పీకినాయనేగా. తాళం వేసుకుని చేపలు పట్టడానికి పోతాడు."

"మా వాళ్ళు వెళ్ళేది వేరే డాక్టరు."

"ఎవరూ?"

"పెద్ద డాక్టరు. చాలా కుర్చీలుంటాయి. లైట్లు తీసేసి చూస్తాడు."

ఆవిడ మిషను ఆపేసింది. నా ముఖంలోకి చూసింది. నోట్లో గుండుసూదులు ఉన్నాయి గనుక నవ్వలేకపోయింది.

"మధ్యలో పావుగంట విరామం కూడా ఇస్తాడా?" అంది, సూదులు ఒక్కొక్కటే తీస్తూ.

సంచి తీసుకుని వచ్చేశాను. పిడి సరిగ్గా కుట్టలేదు. రేపు మళ్ళీ వెళ్ళి చెప్పాలి. వెళ్ళను.

మార్చి 18, బుధవారం

నాకేమీ బాధ లేదు.

మార్చి 19, గురువారం

నాకేమీ బాధ లేదని నిన్న రాశాను. ఈ రోజు కూడా లేదు. వాళ్ళ డబ్బు, వాళ్ళ పళ్ళు. సినిమాలు బంద్ అన్నది వాడే, నేను అడగలేదు. అసలు ఆ రోజు నేను చెప్పిందంతా నిజం. ఒక్క అంకె తప్పని ఎవరైనా చూపించగలరా? అంకె తప్పు లేనప్పుడు మనిషికి దిగులెందుకు?

దిగులు లేదనే రాస్తున్నాను.

మార్చి 22, ఆదివారం

ఈ వారం ఎవరికీ పంటి నొప్పి లేదు. పిల్లకు రేపటి నుంచి పరీక్షలు. అందరి పళ్ళూ ఆరోగ్యంగా ఉన్నాయి, ఇల్లు మాత్రం దిగులుగా ఉంది.

మార్చి 24, మంగళవారం

మోకాళ్ళకు వ్యాయామం చేయించే చోటికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, ధరల తనిఖీకి సినిమాహాలుకు వెళ్ళాను. తనిఖీ ముందుగా చెప్పి చేసేది కాదు. ఇందులో అబద్ధమేమీ లేదు. వెళ్ళేటప్పుడు మెట్లు ఎక్కాను, మోకాళ్ళకు వ్యాయామమే.

పనిరోజుల్లో ఉదయం ఆటకు ముసలివాళ్ళకు సగం ధర. ఈ సంగతి మా వాళ్ళెవరూ నాకు చెప్పలేదు. కిటికీ దగ్గరే కొన్నాను, సౌకర్య రుసుము లేదు.

"ఒక్కరేనా బామ్మగారూ?" అంది టిక్కెట్లమ్మాయి.

"ఎంతమందిని తీసుకురావాలి?"

"అబ్బే, ఊరికే అడిగాను."

సంచులు వెతికే అమ్మాయి నన్ను చూడగానే లేచి నిలబడింది. "పల్లీల మామ్మగారు!" అని లోపల ఎవరికో కేకేసి చెప్పింది. నాకిక్కడ ఒక పేరు వచ్చిందని అప్పుడే తెలిసింది. సంచిలో పల్లీలు ఉన్నాయి. లోపలికి తీసుకెళ్ళకూడదనే గదా నిబంధన, గుమ్మం బయట తినకూడదని లేదు గదా అన్నాను. ఆ అమ్మాయి ఆలోచించి లేదంది. ఆ పిల్ల స్టూలు పక్కనే నిలబడి తిన్నాను. పళ్ళసెట్టుతో పల్లీలు తినడం తొందరగా అయ్యే పని కాదు. ఆ అమ్మాయి ముఖం చూస్తే పొద్దున్నే ఏమీ తిన్నట్టు లేదు, సగం దాని చేతిలో పోశాను. "ఆ రోజువి నేను తినలేదండీ, మా మేనేజరు తినేశాడు" అంది. పాతికకు లెక్క తేలింది.

హాలులో ఆరుగురం ఉన్నాము. అందులో ఒకాయన నిద్రపోవడానికే వచ్చాడు. మా ఆయన కూడా అంతే, ఏ సినిమాకు తీసుకెళ్ళినా పేర్లు పడుతుండగా నిద్ర, దీపాలు వెలిగాక లేచి "బాగుంది" అనేవారు. సగం టిక్కెట్టు ఇచ్చినా సరిపోయే మనిషి.

ఇదీ హాస్య చిత్రమే. ఎనిమిది చోట్ల నవ్వు వచ్చింది. వచ్చినప్పుడల్లా పక్కకు తిరిగాను. పక్కన సంచి ఉంది. నవ్వలేదు. కాగితం మీద గీతలు లేవు. సున్నాతో భాగహారం చెల్లదు కనుక ఒక్కో నవ్వు ఎంత పడిందో తేలలేదు.

మార్చి 27, శుక్రవారం

రెండో తనిఖీ. ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకూడదు.

సాయంత్రం కోడలు, "ఏం వ్యాయామాలు నేర్పారు అత్తయ్యా? చూపించండి, మా షాపుకొచ్చే వాళ్ళకు చెప్తాను" అంది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టు చెప్పిన మాట, ఇప్పుడు గడ్డి కోసి చూపించాల్సి వచ్చింది. కుర్చీ పట్టుకుని కుడికాలు వెనక్కి లేపాను. లేపిన కాలు దించడం రాలేదు. అబ్బాయీ కోడలూ చెరొక పక్కా పట్టుకుని నన్ను మంచం మీదికి చేర్చారు.

"ఆ మనిషికి పని తెలియదులా ఉంది, మార్చెయ్యమ్మా" అన్నాడు అబ్బాయి.

"మొదట్లో అలాగే ఉంటుందట."

"డబ్బు సంగతి చూసుకోకు. నేనిస్తాను. మానొద్దు."

మంచి కొడుకు. అబద్ధం చెప్పే సమయంలో తప్ప మొదటి నుంచీ మంచివాడే.

మార్చి 29, ఆదివారం

ఇది వివరంగా రాయాలి.

మధ్యాహ్నం భోజనం కాగానే అబ్బాయి దవడ పట్టుకున్నాడు. ఈ ఇంట్లో మిగిలింది వాడే. లిఫ్టులు బాగుచేయించే ఉద్యోగంలో ఇరవై మంది మీద పెత్తనం చేస్తాడు గాని, నొప్పి నటించడం చేతకాదు. ముందు చెవి పట్టుకుని, పిల్ల మోచేత్తో పొడిస్తే చెయ్యి కిందికి దించాడు.

"వెళ్ళండి, వెళ్ళండి. పళ్ళ విషయంలో అశ్రద్ధ పనికిరాదు" అన్నాను. మూడు స్వెట్టర్లూ నేనే తెచ్చి ఇచ్చాను.

వాళ్ళ కారు వీధి మలుపు తిరగగానే తలుపు తాళం వేసి ఆటో ఎక్కాను. ఆదివారం ముసలివాళ్ళకు తగ్గింపు లేదు. పూర్తి ధర. ఆటోతో కలిపి దర్యాప్తు ఖర్చు కింద రాశాను. హాలులో అన్నిటికన్నా చవక వరస ముందుది, తెర కింద. మెడ వెనక్కి వాల్చి, చుక్కలు చూసినట్టు చూడాలి.

దీపాలు ఆరకముందు సంచి చాటు నుంచి వెనక్కి చూశాను. మధ్య వరసలో ఉన్నారు. పిల్ల ఒళ్ళో పెద్ద డబ్బా. మూడు వందల తొంభైది. దవడ నొప్పి మనిషి పిడికిళ్ళతో తింటున్నాడు.

కథలో ఇద్దరు దొంగలు. ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే ఇంట్లో జొరబడతారు. ఎదురుపడగానే ఇతడు అతణ్ణి ఇంటాయన అనుకుంటాడు, అతడు ఇతణ్ణి. ఇక మర్యాదలు మొదలు. "రండి, కూర్చోండి" అని ఒకడు. "పరవాలేదండి, మీరు కూర్చోండి" అని ఇంకొకడు. కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళినవాడికి చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియదు. అడిగితే దొరికిపోతాడు. కాఫీలో ఉప్పు వేసి తెస్తాడు. తాగేవాడు ఈ ఇంటి ఆచారం ఇదేనేమోనని మెచ్చుకుంటూ తాగుతాడు.

హాలంతా నవ్వు. దాని మధ్యలో, వెనక నుంచి, నా గొంతు వినిపించింది.

"పదమూడు!"

నా గొంతే. ఆ విరుపు, ఆ ఆఖరి అక్షరం మీద ఒత్తు. నేను నోరు తెరవలేదు. పిల్ల. అబ్బాయి "ష్, ఊరుకో" అన్నాడు గాని వాడికీ నవ్వు ఆగలేదు. "అది ఫోను చూసి నవ్వావు, కొట్టివేశాను!" అంది పిల్ల మళ్ళీ నా గొంతుతోనే. అప్పుడు కోడలు నవ్వింది. ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్ళయింది, ఆ నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. కుండలోంచి నీళ్ళు ఒంపినట్టు, ఆగి ఆగి, ఒక్కసారిగా. ఎవరి నవ్వో అని ముందు వరస వాళ్ళు కూడా వెనక్కి చూశారు.

నన్ను వెక్కిరించి నవ్వుకుంటున్నారు. కోపం రావాలి. వస్తుందని కాసేపు చూశాను. ఇంతలో తెర మీద రెండో దొంగ ఇంకో కప్పు ఉప్పు కాఫీ అడిగాడు, కోపం రాకుండానే నాకు నవ్వు వచ్చేసింది. పైకి. మెడ వెనక్కి వాల్చి ఉన్నాను గదా, నోరు పూర్తిగా తెరుచుకుంది. నవ్వుతో పాటు పై వరస పళ్ళు బయటికి వచ్చాయి. కుర్చీ కిందికి వెళ్ళిపోయాయి.

ఆరేళ్ళలో ఒక్కసారీ జారలేదు. నేను ఆరేళ్ళుగా ఎలా ఉన్నానో దీన్నిబట్టి తెలుస్తోంది, కాని అది వేరే సంగతి.

చీకట్లో వంగి వెతుకుతుంటే టార్చిలైటు ఆయన వచ్చాడు. "ఏం పోయింది బామ్మగారూ?"

పళ్ళు లేకుండా "పళ్ళు" అనడం కష్టం. చేత్తో నోరు చూపించాను.

"ఆకలా? క్యాంటీన్ అటు."

కాదని తల ఊపాను. మళ్ళీ నోరు చూపించాను.

"నీళ్ళా?"

చివరికి కింది వరస కూడా తీసి చూపిస్తే అర్థమైంది. మంచి మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాడు. పక్క కుర్చీ వాళ్ళు కాళ్ళు పైకెత్తారు. ఒకాయన పాప్‌కార్న్ గింజ తీసి "ఇదేనా?" అని అడిగాడు.

అప్పుడే విరామం. దీపాలన్నీ వెలిగాయి. నేను సంచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుంటే పాలగిన్నె దాగుతుందా? సంచి పక్కన తెలిసిన చెప్పులు కనిపించాయి. మరుగుదొడ్డికి పోయే దారి ముందు వరస పక్కనుంచే.

"నానమ్మా!"

సంచి దించాను. ఒక చేత్తో దవడ పట్టుకుని ఉన్నాను.

పిల్ల నన్ను చూసింది, నా చేతిలో ఉన్న కింది వరస చూసింది, మోకాళ్ళ మీద ఉన్న టార్చిలైటు ఆయన్ను చూసింది.

"నువ్వూ పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చావా?" అంది.

సరిగ్గా అప్పుడు ఆయన లేచి, "ఇవేనాండీ?" అని పై వరస నా చేతిలో పెట్టాడు.

మరుగుదొడ్డి పక్కన కుళాయి దగ్గర పళ్ళు కడుక్కుని పెట్టుకున్నాను. పిల్ల గుమ్మం దగ్గర కాపలా. ముందు మాట అదే మాట్లాడింది.

"కోపం వచ్చిందా? నేను నీలాగా అన్నానని?"

"గొంతు బాగానే పట్టావు. ఒత్తు కొంచెం ఎక్కువైంది."

"నువ్వు పక్కనుండి లెక్కపెడితే నాకు నవ్వు రాదు నానమ్మా. వచ్చినా మింగేస్తాను. డబ్బు అయిపోతుందని. మింగితే కడుపులో నొప్పొస్తుంది." తల వంచుకుని, "ఆ రోజు పదకొండు కాదు. ఇంకా చాలా వచ్చాయి" అంది.

నేను పళ్ళు మళ్ళీ ఒకసారి సర్దుకున్నాను. సర్దుకోవడానికి ఏమీ లేదు.

"ఇవాళ ఎన్నిసార్లు నవ్వావు నువ్వు?" అని అడిగింది.

"లెక్క పెట్టలేదు."

పిల్ల నా నుదురు మీద చెయ్యి వేసి జ్వరం చూసింది.

"మీ అమ్మానాన్నలకు చెప్పకు" అన్నాను.

"చెప్పను. మరి మేము డాక్టరు దగ్గరికే వెళ్ళామని నువ్వు నమ్మాలి."

"నేను నమ్ముతూనే ఉన్నానే."

వాళ్ళకన్నా ముందు ఇల్లు చేరాలి గనుక విరామం కాగానే బయటపడ్డాను. సగం సినిమాకు పూర్తి ధర. వాళ్ళు వచ్చేసరికి కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను.

"నొప్పి ఎలా ఉందిరా?"

"తగ్గిందమ్మా" అన్నాడు, కుడి దవడ పట్టుకుని. మధ్యాహ్నం ఎడమది.

పిల్ల నావైపు చూడకుండా స్నానానికి వెళ్ళిపోయింది. గదిలోంచి నవ్వు వినిపించింది. మింగలేదు.

మార్చి 30, సోమవారం

మెడ పట్టేసింది. వ్యాయామం వల్లనని చెప్పాను.

ఏప్రిల్ 1, బుధవారం

ఆ దొంగల్లో ఎవడు ముందు బయటపడ్డాడో తెలియలేదు. పిల్లను రహస్యంగా అడిగాను. "చెప్తే ఏం బాగుంటుంది, చూడాలి" అంది. ఎవరి పోలికో ఇంత కఠినం.

ఏప్రిల్ 3, శుక్రవారం

ఈ వారం ఎవరికి పంటి నొప్పి రావచ్చో అని ఆలోచిస్తున్నాను. వరస ప్రకారం అందరిదీ అయిపోయింది.

పక్కన కూర్చోనిమ్మని అడగడం పెద్ద పని కాదు. "నన్నూ తీసుకెళ్ళండిరా" అంటే అయిపోతుంది. కాని అలా అంటే వాళ్ళు ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పారని నాకు తెలుసని తేలిపోతుంది. వాడు తల వంచుకుంటాడు, కోడలు క్షమాపణ మొదలుపెడుతుంది, కూరలన్నీ చల్లారిపోతాయి. ఆ తరవాత తీసుకెళ్తారు, భయం కొద్దీ. భయం కొద్దీ పక్కన కూర్చుంటే పిల్ల మళ్ళీ మింగుతుంది.

ఇంకో దారి ఏదైనా చూడాలి. ఫైలు మూయకుండా పక్కన పెట్టాను.

ఏప్రిల్ 5, ఆదివారం

మధ్యాహ్నం పళ్ళు తోమి గిన్నెలో వేసి, మంచం మీద వాలాను. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఇవాళ ఎవరికి?" అని అబ్బాయి. "నాకు పోయిన్నెలే అయింది, మళ్ళీ నేనంటే బాగోదు" అని కోడలు. "నాకు పాలపన్ను ఊగుతోందని చెప్పొచ్చు" అని పిల్ల. "పదకొండేళ్ళ దానికి పాలపన్నేమిటే?" "ఉంటాయి కొందరికి!"

లేచి హాల్లోకి వెళ్ళాను. మాట ఆగిపోయింది. ముగ్గురి చేతులూ మూడు దవడల మీదికి వెళ్ళాయి. ఏ దవడో, ఎవరి వంతో తేల్చుకునే సమయం వాళ్ళకు చాలలేదు.

"ఒరేయ్" అన్నాను. "నాకు పంటి నొప్పిగా ఉంది."

ఎవరూ కదల్లేదు. అప్పుడు నాకు తెలిసింది, నోట్లో పళ్ళు లేవని. గిన్నె నా వెనక గదిలో బల్ల మీద, అందరికీ కనబడేలా ఉంది. కోడలు గిన్నె వైపు చూసింది, నా నోటి వైపు చూసింది.

"ఏ... ఏ పన్నమ్మా?" అన్నాడు అబ్బాయి.

"అన్నీ."

"ఎప్పటి నుంచీ?"

"మార్చి ఎనిమిది నుంచి."

అబ్బాయి ముఖం ఎర్రబడింది. నోరు తెరిచాడు. క్షమాపణ బయటికి రాబోతోందని గ్రహించి, "మాట్లాడకు, నొప్పి ఎక్కువవుతుంది. మీరు వెళ్ళే ఆ పెద్ద డాక్టరు దగ్గరికి నన్నూ తీసుకెళ్ళండి. కుర్చీలు చాలా ఉన్నాయట గదా" అన్నాను.

పిల్ల పెదవులు బిగబట్టుకుని నేల వైపు చూస్తోంది. భుజాలు ఊగిపోతున్నాయి.  చివరికి కోడలే కదిలింది. లోపలికి వెళ్ళి నా బూడిదరంగు స్వెట్టర్ తెచ్చి, నా భుజాల మీద వేసింది.

"అక్కడ ఏసీ మరీ ఎక్కువ అత్తయ్యా" అంది. గొంతు మామూలుగానే ఉంది. స్వెట్టర్ సర్దిన చెయ్యి మాత్రం కాసేపు అక్కడే ఉంచింది.

అబ్బాయి ఫోను తీసి, "నలుగురికి" అని తనలో తాను అనుకుంటూ నొక్కాడు. సౌకర్య రుసుము ఎంతో నాకు కనబడింది. ముప్పై ఆరు చేశారు. నేనేమీ అనలేదు. ముప్పై ఆరని ఒక్కసారి అన్నాను, అంతే.

గుమ్మం దగ్గర సంచుల అమ్మాయి లేచి నిలబడింది. "మామ్మగారూ! ఇవాళ అందరూ వచ్చారా!" అంది. అబ్బాయి నావైపు తిరిగి, "నువ్వు ఈవిడకెలా తెలుసు?" అన్నాడు.

"మోకాళ్ళ వ్యాయామం దగ్గర పరిచయం."

ఆ అమ్మాయి సంచిలోంచి నా పళ్ళ డబ్బా తీసింది. ఊపింది. గలగలమంది. "ఇదేమిటండీ?"

"పళ్ళు."

నా నోటి వైపు చూసింది. నోట్లో రెండు వరసలూ ఉన్నాయి. డబ్బా మూత తీయకుండా, జాగ్రత్తగా మళ్ళీ సంచిలో పెట్టింది. "నొప్పి తగ్గాలండీ" అంది.

దీపాలు ఆరాక పల్లీలు నలుగురమూ పంచుకుని తిన్నాము. డబ్బా వేడినీళ్ళతో రెండుసార్లు కడిగే పోశానని చెప్పాక కోడలు కూడా తింది. పిల్ల ఇటు పక్క, కోడలు అటు పక్క. ఆ దొంగల సినిమానే. వాళ్ళు ఒకసారి చూసిందే. నా కోసమని ఎవరూ అనలేదు, హాలులో వేరేవి ఏవీ లేవన్నాడు అబ్బాయి. గోడ మీద నాలుగు బొమ్మల పేర్లు నేను చదివాను, నమ్మాను.

దొంగలు ఇద్దరూ ఒకేసారి బయటపడతారు. అసలు ఇంటాయన వచ్చి, ఇద్దరికీ చక్కెర వేసి కాఫీ ఇస్తాడు.

టిక్కెట్లు వెయ్యిన్ని నూట నాలుగు, రుసుముతో. పార్కింగు అరవై. పల్లీలు పాతిక. పాప్‌కార్న్ లేదు. నీళ్ళు ఒక సీసా డెబ్బై.

నవ్వులు: తేలలేదు. పెన్సిలు ఇంట్లో మరిచాను. మరిచానని పిల్లకు కూడా చెప్పాను. నమ్మింది.